మానేసిందా, మాన్పించారా

నేను నార్వేజియన్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తానంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తర్వాత, "అదేంటండీ, మధ్యలో తెలుగు లేదా?" అని అడుగుతారు. నిజమే, ఆ రెండు భాషల్లో ఏదీ అమ్మ దగ్గర నేర్చుకున్నది కాదు. ఒంగోలు దగ్గర పెరిగాను. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం వెంట నార్వే పడమటి తీరంలో ఒక చిన్న ఊరికి వెళ్ళాను. ఆయన ఓడల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ ఊళ్ళో ఎండ కాసిన రోజు పండగ. పొద్దస్తమానం కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోలేక భాషా తరగతులకి వెళ్ళాను. భాష పట్టుబడ్డాక ఆ ఊరి కొమ్మూనె ఆఫీసులో ముందు కౌంటర్ దగ్గర ఉద్యోగం దొరికింది.

కొమ్మూనె అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం. బడి, వృద్ధాశ్రమం, మంచినీళ్ళు, రోడ్ల మీద మంచు తీయడం, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ విప్పి, నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, సంబంధించిన విభాగానికి పంపడం నా పని. నాలుగేళ్ళు అదే చేశాను. తర్వాత మేం ఇంగ్లండ్ వచ్చేశాం. ఇప్పుడు రీడింగ్ అనే ఊళ్ళో, రైలు పట్టాలకి రెండు వీధులవతల ఉంటున్నాం. పై అంతస్తులో బాక్స్ రూమ్ అనే చిన్న సామాన్ల గది నా ఆఫీసు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపితే గోడకి తగులుతుంది.

ఇక్కడ ఒక అనువాద సంస్థకి కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. నాకు వచ్చేవన్నీ కొమ్మూనె కాగితాలే. ఈ పనిలో చిక్కు ఏమిటంటే, అక్కడున్న పదవులూ ఆఫీసులూ ఇక్కడా ఉన్నట్టే అనిపిస్తాయి, దగ్గరికెళ్ళి చూస్తే వేరు. ఎన్నికైన సభకి పెద్దని అక్కడ ఒర్డ్‌ఫోరర్ అంటారు. 'మేయర్' అని రాస్తాను. రాయగానే ఇక్కడి పాఠకుడికి మెడలో గొలుసు వేసుకుని స్కూలు ఫంక్షన్లో రిబ్బన్ కత్తిరించే పెద్దాయన కనిపిస్తాడు. అక్కడి ఒర్డ్‌ఫోరర్ రోజూ ఆఫీసుకి వచ్చి, సభ నడిపి, బజారులో కనిపించిన ప్రతివాడి ఫిర్యాదూ వినాలి. ఆఫీసు యంత్రాంగాన్ని నడిపే అధికారిని పాతరోజుల్లో రోద్‌మన్ అనేవారు. ఆ మాటలో మగమనిషి ఉన్నాడు. మా ఆఫీసులో ఆ పదవిలో ఒకావిడ ఉండేది. ఇలాంటి మాటలన్నిటికీ నేనొక పట్టిక రాసుకున్నాను. ఏ మాటకి ఏ ఇంగ్లీషు మాట వాడానో, ఎందుకు వాడానో, ఎక్కడ అనుమానం మిగిలిందో అందులో ఉంటుంది. అనుమానాల గడి మిగతా గడులకంటే వెడల్పు.

నాకు స్వభావరీత్యా భయం ఎక్కువ. పని పంపేశాక మళ్ళీ తెరిచి చదువుతాను. పంపాల్సిన ఫైలే పంపానా అని మెయిల్ చూసుకుంటాను. "నువ్వు అనువాదం చేయవు, కాపలా కాస్తావు" అంటాడు మా ఆయన. ఇంత కాపలా కాసీ ఒక రోజు ఏమరుపాటు పడ్డాను. ఆ సంగతే రాస్తున్నాను.

ఆ వసంతం చివర్లో నాకొక పెద్ద పని వచ్చింది. ఒక నార్వే కొమ్మూనె, ఇక్కడ అలాంటిదే ఒక కౌన్సిల్ పరస్పరం పని తీరు చూసుకోవాలనుకున్నాయి. ఏ నిర్ణయం ఎవరు తీసుకోవచ్చు, ఏది సభ ముందుకి రావాలి, ఏది అధికారులే తేల్చేయవచ్చు అని చెప్పే లావుపాటి నిబంధనల పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. కౌన్సిల్ తరఫున చదివే ఆయన ప్రతి పేజీ మీదా ఎర్రరంగులో వ్యాఖ్యలు రాసి పంపేవాడు. 'మాకు ఇలాంటి కమిటీ లేదు.' 'ఈ అధికారం మా దగ్గర జిల్లా స్థాయి కౌంటీకి ఉంటుంది, ఇక్కడెందుకు ఉంది?' ఆయన ప్రశ్నలన్నీ న్యాయమైనవే. మూడు వారాలు అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా అవే మాటలు.

ఆ మధ్యలో ఒక గురువారం మధ్యాహ్నం సంస్థ నుంచి చిన్న పని వచ్చింది. రెండు పేజీలు. అదే రోజు కావాలన్నారు. నార్వేలో ఏదో కొమ్మూనె వృద్ధాశ్రమంలో పనిచేసిన ఉద్యోగి గురించి ఆ కొమ్మూనె ఇచ్చిన పత్రం. ఇలాంటి వ్యక్తిగత కాగితాల్లో పేర్లు, ఊరు సంస్థవాళ్ళే నల్లగా కొట్టేసి పంపుతారు. అనువాదం చేరాక వాళ్ళే నింపుకుంటారు. ఆ రోజు నాలుగున్నరకి మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ ఈవెనింగ్. గణితం టీచరుతో మాట్లాడాలని అది మరీ మరీ చెప్పింది. ఎర్ర వ్యాఖ్యల ఫైలు పక్కకి జరిపి, రెండు పేజీలూ గంటన్నరలో చేసి, పంపేసి, చెప్పులేసుకుని పరుగెత్తాను. ఆ ఒక్కసారి తిరిగి తెరిచి చదవలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక మంగళవారం పన్నెండింటికి ఫోను మోగింది. నార్వేలో కొన్నేళ్ళుండి ఈ దేశానికి మారిన తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందరం కలిసినా ఒక చిన్న హాలు నిండం. ఫోను చేసింది ఆ గ్రూపులోని అమ్మాయే. భీమవరం వైపు మనిషి. నర్సు. నార్వేలో మాకు చాలా దూరపు ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆమె భర్తకి కార్ల ఇంజనీరింగ్‌లో ఉద్యోగం రావడంతో ఏడాది కిందట కోవెంట్రీ వచ్చారు. స్టాన్‌మోర్‌లో ఒకరింట్లో భోజనాలప్పుడు పరిచయం. అప్పటినుంచీ నన్ను అక్కా అని పిలిచేది.

"అక్కా, పనిలో ఉన్నారా? ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

"చెప్పమ్మా."

"నర్సింగ్ హోమ్‌లో జాబ్ వచ్చిందని చెప్పాను కదండీ. వచ్చే సోమవారం జాయిన్ అవ్వాలి. డ్యూటీల రోటాలో పేరు కూడా వేసేశారు. ఇప్పుడు ఆపేశారక్కా. నార్వే పేపర్లో నన్ను తీసేసినట్టు ఉందంట."

"తీసేసినట్టా?"

"నన్నెవరు తీశారండీ? నేనే మానేశాను. చెబితే, 'మీ కౌన్సిల్ రాసిందే ఇలా ఉంది, అప్లికేషన్లో మీరు ఇంకోలా రాశారు' అంటన్నారు. అంటే అబద్ధం చెప్పాననే కదా! శుక్రవారం మేనేజరు రమ్మన్నారు. ఫొటో పంపిస్తన్నాను, ఒకసారి చూసి చెప్పండక్కా. మీకైతే ఆ భాష తెలుసు."

ఫొటో వచ్చింది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కొమ్మూనె అన్న మాట మొదటిసారి వచ్చిన చోట 'మునిసిపల్ అథారిటీ' అని రాసి, చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, పేజీ అడుగున వివరణ ఇచ్చి, ఆ తర్వాత నుంచి 'కౌన్సిల్' అని రాశారు. అలా రాసేది నేను. ఆ నక్షత్రం నాది. కింద సంస్థ ముద్ర తప్ప అనువాదం చేసిన మనిషి పేరు లేదు. పైన, ఆ రోజు నల్లగా ఉన్న చోట, ఈ అమ్మాయి పేరుంది.

"అక్కా? వచ్చిందా అండీ?"

"వచ్చిందమ్మా. కాస్త... కాస్త సరిగా చూసి చెబుతాను. సాయంత్రం ఫోన్ చేస్తాను."

ఫోను పెట్టేశాక కంప్యూటరులో ఆ ఫైలు తెరవడానికి చెయ్యి రాలేదు. కిందికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ పైకి వచ్చి తెరిచాను.

ఆ వాక్యంలో ఉన్న మాట ఓప్‌సీగెల్సె. ఉద్యోగానికి తెగతెంపులు చెప్పడం అని దాని అర్థం. ఎవరు చెప్పారన్నది ఆ మాటలో ఉండదు. ఉద్యోగి తనంతట తాను మానేసినా ఓప్‌సీగెల్సే, యజమాని మాన్పించినా ఓప్‌సీగెల్సే. క్రియగా వాడితే తేడా తెలుస్తుంది. మనకి 'మానేసింది', 'మాన్పించారు' అన్నంత తేలిగ్గా తెలిసిపోతుంది. నామవాచకంగా రాస్తే మాత్రం పక్క వాక్యాలు చూసి తెలుసుకోవాలి, లేకపోతే అడగాలి. ఆ పత్రంలో పక్క వాక్యాలు ఏమీ చెప్పడం లేదు. 'ఓప్‌సీగెల్సె తర్వాత ఉద్యోగం ముగిసింది. కొమ్మూనెకి ఇతర వ్యాఖ్యలు లేవు.' అంతే. నేను 'ఉద్యోగం నుంచి తొలగించడంతో ముగిసింది' అని రాశాను. అడగలేదు. ప్రశ్నలు రాయడానికి సంస్థ ఇచ్చే పేజీ ఖాళీగా పంపాను.

ఎందుకలా రాశానో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నార్వేలో మా కొమ్మూనెని పక్క కొమ్మూనెతో కలిపేసినప్పుడు ముందు కౌంటర్లు రెండు అక్కర్లేకపోయాయి. నాకొక తెల్ల కవరు ఇచ్చారు. అందులో ఆ మాటే ఉంది. నా జీవితంలోకి ఆ మాట వచ్చిన దారి అది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఇంగ్లండ్ రావడంతో, నా ఉద్యోగం పోయిందన్న సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. భర్త బదిలీ అయితే మానేశానని చెప్పుకున్నాను. ఆ గురువారం హడావిడిలో ఆ మాట కనిపించగానే నా చేతులు నా కవరునే అనువాదం చేశాయి.

సాయంత్రం ఆమెకి ఫోన్ చేయలేదు. 'రేపు మాట్లాడతానమ్మా' అని మెసేజ్ పెట్టాను. 'సరే అక్కా, థాంక్స్' అని వచ్చింది. ఆ థాంక్స్ చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక సంగతంతా చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ విన్నాడు.

"సంస్థకి చెప్పి సరిచేయించు. ఆ అమ్మాయికి నువ్వే చేశావని తెలియాల్సిన పనేముంది? పేరు లేదు కదా."

"రేపు తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా."

మా అమ్మాయి సోఫాలో పుస్తకం పెట్టుకుని వింటోంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "మమ్, జస్ట్ టెల్ హర్," అంది తల ఎత్తకుండా. పదిహేనేళ్ళ పిల్లకి అది ఎంత సులువో అనిపించింది. తను చెప్పినంత మాత్రాన నాకు ధైర్యం రాలేదు. ఏవేవో ఊహించుకున్నాను. సంస్థ నన్ను తీసేస్తుంది. గ్రూపులో అందరికీ తెలుస్తుంది. 'ఈవిడ చేసిన కాగితాలు మళ్ళీ చూపించుకోండి' అని ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఇన్నేళ్ళలో నేను చేసిన వందల పేజీల్లో ఇంకెక్కడ ఇలాంటివి దాక్కుని ఉన్నాయో, అవి ఎవరి బతుకుల్లో ఏం చేస్తున్నాయో!

బుధవారం పొద్దున్నే సంస్థకి మెయిల్ రాశాను. ఏడుసార్లు దిద్దాను. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. పది నిమిషాల్లో పనులు పంచే ఆయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి విషయానికి వచ్చే మనిషి. ఆ రోజు వాతావరణం లేదు.

"ఇది మీరే కనిపెట్టారా, ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అని అడిగాడు.

"ఆ పత్రం ఎవరిదో ఆమె నాకు తెలిసిన మనిషి. నేను చేశానని తెలియక నన్నే సాయం అడిగింది."

ఆయన తాపీగా చెప్పాడు. సరిచేసిన అనువాదం ఈరోజే నర్సింగ్ హోమ్‌కి వెళ్తుంది. ఇది నా రికార్డులో నమోదవుతుంది. కొన్ని నెలలపాటు నా ప్రతి పనినీ రెండో మనిషి సరిచూస్తారు. "మీ పేరు మేం ఎవరికీ చెప్పం. ఆమెకి మీరు చెప్పుకుంటే అది మీ ఇష్టం. కానీ ఇకమీదట ఆమె కాగితాలు మీరు ముట్టుకోకూడదు" అన్నాడు. కసురుకుని ఉంటే బాగుండేదనిపించింది.

పొద్దున మెయిల్‌తోపాటే పంపిన సరిచేసిన అనువాదంలో 'నోటీసు తర్వాత ఉద్యోగం ముగిసింది' అని రాసి, ఆ నోటీసు ఎవరిచ్చారో మూలంలోని మాటని బట్టి తెలియదని కింద వివరణ ఇచ్చాను. ఉన్నదున్నట్టు రాయాలంటే అంతకు మించి రాయడానికి లేదు. ఆమె చెప్పింది నేను నమ్ముతాను, కానీ నమ్మకాన్ని అనువాదంలో రాయకూడదు.

మధ్యాహ్నానికి ఆమె ఫోను.

"అక్కా, కొత్తది వచ్చిందంట. ఇందులో తెలియదు అని రాశారండీ! నిన్న తీసేశారన్నారు, ఇవాళ తెలియదంటన్నారు. మేనేజరుకి ఇంకా అనుమానం పెరిగింది. ఎవరక్కా ఇలా రాసేది? ఒక మనిషి బతుకని ఉండదా వాళ్ళకి?"

నోటిదాకా వచ్చింది. ఫోన్లో చెప్పలేకపోయాను.

"నువ్వు రేపు ఇంట్లోనే ఉంటావా?"

"ఇంకెక్కడికెళ్తానండీ, ఉద్యోగం లేదు కదా."

"నేను వస్తున్నాను."

"మీరా? ఇంత దూరం ఎందుకక్కా, ఫోన్లో చెబితే చాలదా?"

"వస్తానమ్మా" అన్నాను.

గురువారం కోవెంట్రీ రైలెక్కాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా అల్లుకున్నాను. ఆక్స్‌ఫర్డ్ దాటేసరికి ఒకలా ఉన్నాయి, దిగేసరికి మరొకలా. స్టేషన్ నుంచి బస్సులో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. ఆమె పాపని నర్సరీలో దింపి అప్పుడే వచ్చినట్టుంది. నాకోసం ఉప్మా చేసి పెట్టింది. గోడ మీద శిలువ, దాని కింద నార్వేలో తీసుకున్న ఫొటో. వృద్ధాశ్రమంలో తోటి సిబ్బంది మధ్య ఆమె, ముందు బల్ల మీద కేకు.

"అది నా లాస్ట్ డే అండీ. ముసలమ్మలందరూ ఏడ్చారు. చూడండక్కా, తీసేసినోళ్ళకి ఎవరైనా కేకు కోస్తారా? ఈ ఫొటో తీసుకెళ్ళి మేనేజరుకి చూపిద్దామనుకున్నాను."

నేను ఉప్మా ప్లేటు బల్ల మీద పెట్టేశాను.

"ఆ అనువాదం చేసింది నేనే."

ఆమెకి అర్థం కాలేదు. "కొత్తదా అండీ?"

"రెండూ. మొదటిదీ నేనే చేశాను. పేరు నల్లగా కొట్టేసి పంపారు, నీదని తెలియదు. ఆ మాటకి రెండు అర్థాలుంటాయి. అడగాల్సింది, అడగలేదు. తప్పు నాదే. మంగళవారం నువ్వు ఫొటో పంపినప్పుడే తెలిసింది. అప్పుడు చెప్పడానికి భయపడ్డాను."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు అడిగింది.

"ఏ మాట?"

"ఓప్‌సీగెల్సె."

"నేను యై సా ఓప్ అని చెప్పాను వాళ్ళకి. మానేస్తన్నానని. నోటితో చెప్పాను, ఉత్తరం కూడా ఇచ్చాను."

"ఉత్తరం ఇచ్చావని నాకు తెలియదు. పత్రంలో లేదు."

"ఆ మాట చూసినప్పుడు మీకు అనుమానం రాలేదా?"

"రాలేదు."

"నా పేరు కనిపించి ఉంటే వచ్చేదా?"

"వచ్చేది," అంది ఆమె తనే. "మనమ్మాయి అని ఫోన్ చేసి అడిగేవాళ్ళు. నల్లగా కొట్టేస్తే ఎవరో మనిషి. ఎవరో మనిషైతే తీసేసే ఉంటారు అనుకున్నారు."

తల ఎత్తలేకపోయాను. నా ఉద్యోగం పోయిన సంగతి చెబితే నన్ను కొంచెం అర్థం చేసుకుంటుందేమో అనిపించింది. సాకుగా వినిపిస్తుందని అదీ చెప్పలేదు.

ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. గొంతు మారిపోయింది. వార్డులో మాట్లాడే గొంతు అనుకుంటాను.

"ఇప్పుడేం చేయాలో చెప్పండి. కొమ్మూనెకి మంగళవారమే మెయిల్ పెట్టాను. ఆఫీసరు సెలవంట, మూడు వారాల తర్వాత చూస్తానని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది."

వేసవి మొదలైంది. అక్కడ జులైలో దేశం దేశమంతా సెలవు మీద వెళ్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఆఫీసుల్లో సెలవు రోజుల్లోనూ ఎవరు ఉంటారో కూడా తెలుసు. అప్పటిదాకా నీరుగారిపోయిన నా బుర్ర మొదటిసారి పని చేసింది.

"ఆఫీసర్ని అడగొద్దు. కౌంటర్‌కి ఫోన్ చేసి రికార్డుల విభాగానికి కలపమను. నువ్విచ్చిన ఉత్తరం వాళ్ళకి చేరిన రోజే నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించి ఉంటారు. ప్రతి ఉత్తరానికీ అలా చేయాలి, అది నియమం. నేను చేసిన పనే అది. నీ ఉత్తరం కాపీ అడుగు. నువ్వే మానేశావని నీ మాటల్లోనే ఉంటుంది కదా."

"మీరు మాట్లాడతారా?"

"నేను మాట్లాడకూడదు. నీ కాగితాలు ముట్టుకోవద్దన్నారు. నువ్వు మాట్లాడు, నేను పక్కన కూర్చుంటాను."

ఆమె ఫోన్ చేసింది. నార్వేలో వృద్ధాశ్రమం మంచాల పక్కన నేర్చుకున్న భాష ఆమెది. నాకంటే ముద్దుగా, ఆ ఊరి యాసతో మాట్లాడింది. కౌంటర్లో ఉన్నది సెలవులకి పెట్టుకున్న కాలేజీ పిల్ల. రికార్డులు చూసే ఆవిడ భోజనానికి వెళ్ళిందని, గంట ఆగి చేయమని చెప్పింది. ఆ గంటసేపు ఆమె పాప బట్టలు మడతపెట్టింది. నేను చల్లారిన ఉప్మా తిన్నాను. తినకపోతే బాగుండదని.

రెండోసారి ఆవిడ దొరికింది. ఉత్తరం ఏ నెలలో ఇచ్చారని అడిగింది. కీబోర్డు చప్పుడు స్పీకరులో వినిపించింది. నంబరు వేయడం మర్చిపోయిన ఉత్తరాలు కూడా ఉంటాయని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"దొరికింది," అందావిడ.

సాయంత్రానికి కాపీ మెయిల్లో వచ్చింది. ఆరు వాక్యాల ఉత్తరం. 'భర్తకి ఇంగ్లండ్‌లో ఉద్యోగం వచ్చినందువల్ల నా అంతట నేను మానేస్తున్నాను, మీరందరూ నాకు ఇల్లులా ఉన్నారు' అని రాసుకుంది. పైన కొమ్మూనె ముద్ర, తేదీ, నంబరు ఉన్నాయి.

దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని సంస్థ ఇంకొకరికి ఇచ్చింది. నేను రీడింగ్ తిరిగొచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఎవరు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో, ఆ మనిషికి కూడా ఎక్కడికైనా పరుగెత్తే పనుందేమో అని ఆలోచించాను. శుక్రవారం మీటింగు పదకొండింటికి. పదిన్నర నుంచి ఎర్ర వ్యాఖ్యల ఫైలు తెరిచి ఒకే పేరా చదువుతూ ఉన్నాను. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఫోన్ చేసి అడిగే హక్కు నాకు లేదనిపించింది. రెండు దాటాక మెసేజ్ వచ్చింది.

'ఉత్తరం ఒప్పుకున్నారు. నాకు అనుకున్న పోస్టులో వేరే ఆవిడని పెట్టేశారంట. పై ఫ్లోర్‌లో, మతిమరుపు ఉన్నవాళ్ళ దగ్గర ఇస్తామన్నారు. రెండు వారాల తర్వాత స్టార్ట్. మీకు చెప్పాలని.'

మెసేజ్‌లో ఎక్కడా అక్కా లేదు. మూడుసార్లు చదివి చూసుకున్నాను. 'చాలా సంతోషం, క్షమించు' అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మా ఆయన, "అయిపోయింది కదా, ఇంక వదిలెయ్" అన్నాడు. నేను వదల్లేదు. ఆ వేసవంతా నా పాత ఫైళ్ళన్నీ తెరిచి ఆ మాట కోసం వెతికాను. ఇంకో రెండు చోట్ల కనిపించింది. రెండుచోట్లా పక్క వాక్యాన్ని బట్టి సరిగానే రాశాను. అయినా ఒకటికి నాలుగుసార్లు చూశాను. అలా వెతుకుతుంటే వేరే కాగితాల్లో వేరే చిన్న తప్పులు రెండు దొరికాయి. ఎవరికీ నష్టం లేనివే. సంస్థకి రాశాను. "ఇవి చెప్పాల్సినంత పెద్దవి కావు" అని బదులిచ్చారు. కొమ్మూనె నిబంధనల పుస్తకం కూడా ఆలస్యంగా పూర్తయింది. ఎర్రరంగు ఆయన చివరి పేజీ మీద 'ఇప్పుడు బోధపడింది' అని రాశాడు. మామూలుగా అయితే ఆ మాటకి వారం రోజులు ఆనందపడేదాన్ని.

సెప్టెంబరులో గ్రూపువాళ్ళందరం ఒక పార్కులో కలిశాం. వెళ్ళాలా వద్దా అని ఆఖరి గంట దాకా తేల్చుకోలేకపోయాను. ఆమె ఎవరికైనా చెప్పిందేమో తెలియదు. పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఆమె మధ్యాహ్నం డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. భర్త దగ్గర్నుంచి పాపని ఎత్తుకుని నేరుగా నా పక్కన గడ్డి మీద కూర్చుంది.

"ఎలా ఉంది పై ఫ్లోరు?" అన్నాను.

"కష్టమే అండి. నా పేరు రోజూ కొత్తగా చెప్పాలి వాళ్ళకి. కానీ కింద కంటే అక్కడే బాగుంది." తర్వాత తనే అడిగింది. "ఇప్పుడా మాట వస్తే ఏం రాస్తున్నారు?"

"రాయడానికి ముందు ఎవరు చెప్పారని అడుగుతున్నాను. జవాబొచ్చేదాకా పంపడం లేదు."

"కోప్పడరా ఆలస్యమైతే?"

"కోప్పడతారు."

ఆమె తలూపింది. పులిహోర కొంచెం పెట్టించుకుని, పాపకి తినిపిస్తూ, వాళ్ళ హోమ్‌లో ఒక పెద్దాయన తనని రోజూ పోస్టాఫీసు అమ్మాయి అనుకుంటాడని, ఉత్తరాలొచ్చాయా అని అడుగుతాడని చెప్పింది. ఏం చెబుతావు అన్నాను. రేపొస్తాయని చెబుతానంది. సాయంత్రం వెళ్ళేముందు అందరికీ చెప్పినట్టే నాకూ వెళ్ళొస్తానండీ అని చెప్పింది. ఆ మాటలో పాత చనువు లేదు, కోపమూ లేదు. ఖాళీ గిన్నె తీసుకుని నేను కారు వైపు నడిచాను. పొద్దున పంపిన ఫైలు ఒకసారి తెరిచి చూసుకోవాలని గుర్తొచ్చి, కార్లో కూర్చోగానే ఫోను తీశాను.